స్లీవా, బైపాసా? ముందు ఆ గుండెల్లో మంట సంగతి చూద్దాం

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది ఖమ్మం జిల్లా. నాకు 41 ఏళ్లు, హైస్కూల్లో టీచర్‌ని. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. ఏడేళ్లుగా షుగర్ ఉంది. మూడు రకాల మాత్రలు వాడుతున్నా మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 8.9 వచ్చింది. రాత్రిళ్లు గుండెల్లో మంట, పులి తేన్పులు. నాలుగేళ్లుగా పొద్దున్నే గ్యాస్ గోళీ వేసుకోందే గడవదు. మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో ఇచ్చే మాత్ర దాదాపు రోజూ పడుతుంది. నెలసరి బాగా ఎక్కువగా అవుతుంది, హిమోగ్లోబిన్ 9.4. వాకింగ్, డైట్లు, పొడులు అన్నీ అయిపోయాయి. తగ్గిన ప్రతిసారీ వడ్డీతో సహా తిరిగొచ్చింది. హైదరాబాద్‌లో ఒక సర్జన్ బరువు తగ్గడానికి స్లీవ్ అనే కడుపు ఆపరేషన్ చేద్దామన్నారు. విజయవాడలో ఇంకొకరు మినీ బైపాస్ మంచిదన్నారు. మా ఆడపడుచు మూడేళ్ల కింద స్లీవ్ చేయించుకుని 30 కిలోలు తగ్గింది, బాగానే ఉంది. "ముందు చిన్న ఆపరేషన్ చేయించుకో వదినా, చాలకపోతే తర్వాత బైపాస్ చూసుకోవచ్చు" అంటోంది. మావారికి పేగులు మార్చడం అంటేనే భయం. మా అత్తగారేమో నోరు కట్టుకోలేక కోత పెట్టించుకుంటున్నావు అంటున్నారు. వేసవి సెలవుల్లో చేయించుకోవాలని ఉంది. ఏది ఎంచుకోవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట మీ అత్తగారి మాట గురించి చెప్పి తర్వాత అసలు విషయానికి వస్తాను. ఆ మాట మిమ్మల్ని లోపల కోస్తోందని మీరు రాసిన తీరులోనే తెలుస్తోంది. బరువు తగ్గిన ప్రతిసారీ ఒంట్లో ఆకలి పుట్టించే హార్మోన్లు పెరుగుతాయి. ఒళ్లు ఖర్చు పెట్టే శక్తి తగ్గుతుంది. పోయిన కొవ్వును తిరిగి తెచ్చుకోడానికి శరీరం రాత్రీపగలూ పనిచేస్తుంది. అన్నిసార్లు తగ్గగలిగిన మనిషికి నోరు కట్టుకోవడం చేతకాదని ఎవరైనా ఎలా అంటారు? మీకు చేతనైంది మీరు చేశారు. మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చెప్పే అంకె, 41.7. మన ఆసియా వాళ్లకి 27.5 దాటినప్పటి నుంచే ఈ ఆపరేషన్ గురించి మాట్లాడవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. పైగా మీకు షుగర్ ఉంది. కాబట్టి మీకు ఆపరేషన్ అవసరమా కాదా అన్న చర్చ అక్కర్లేదు. ఏది అన్నదే ప్రశ్న.

నేను సర్జన్‌ని కాను, ఫిజీషియన్‌ని. ఆపరేషన్‌కి ముందు ఫిట్‌నెస్ చూసేదీ, అయిపోయాక ఏళ్ల తరబడి షుగర్ మాత్రలు, విటమిన్లు, రక్తం రిపోర్టులు చూసేదీ మేమే. అందుకని నా జవాబు ఆపరేషన్ టేబుల్ దగ్గర నిలబడిన మనిషిది కాదు. ఐదో ఏడు, పదో ఏడు మీ ఎదురుగా కూర్చునే మనిషిది.

ఎవరొచ్చినా ముందు అడిగేది ఏ ఆపరేషన్‌లో ఎక్కువ కిలోలు తగ్గుతాయని. ఒక లెక్క చూడండి. ఫిన్లండ్‌లో 240 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకి స్లీవ్, ఇంకో జట్టుకి బైపాస్ చేశారు. పదేళ్ల తర్వాత చూస్తే, ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉన్న బరువులో స్లీవ్ వాళ్లకి సుమారు 43 శాతం, బైపాస్ వాళ్లకి సుమారు 51 శాతం పోయి ఉంది. మీ ఎత్తుకి 62 కిలోలు సరైన బరువు అనుకుంటే ఎక్కువగా ఉన్నది 42 కిలోలు. అందులో 43 శాతం అంటే 18 కిలోలు, 51 శాతం అంటే 21 కిలోలు. మొదటి ఏడాది రెండింట్లోనూ ఇంతకంటే చాలా ఎక్కువ తగ్గుతారు, తర్వాత కొంత తిరిగొస్తుంది. పదేళ్లకి తేలే తేడా మాత్రం మూడు కిలోలు. ఆ మూడు కిలోల కోసమైతే నేను ఇంత ఉత్తరం రాయను, మీ ఆడపడుచు చెప్పినట్టే చేయండని రెండు ముక్కల్లో ముగించేదాన్ని.

అదే అధ్యయనంలో ఇంకో లెక్క ఉంది. పదేళ్లకి ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం పంపే పరీక్ష) చేసి చూస్తే అన్నవాహిక ఆమ్లానికి ఒరుసుకుపోయి పుండ్లు పడినవాళ్లు స్లీవ్ జట్టులో 31 శాతం, బైపాస్ జట్టులో 7 శాతం. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం బరువుది కాదు. "పొద్దున్నే గ్యాస్ గోళీ వేసుకోందే గడవదు" అన్నది.

స్లీవ్‌లో ఏం జరుగుతుందో చెబితే ఇది ఎందుకో అర్థమవుతుంది. కడుపు ఒక వదులు సంచి. పైన ఎడమవైపు ఉబ్బుగా ఉండే భాగం అన్నం పడగానే సాగుతుంది, ఆకలి హార్మోన్ ఎక్కువగా పుట్టేదీ అక్కడే. స్లీవ్‌లో ఆ భాగంతో సహా కడుపులో ముప్పావు వంతు పైగా కోసి బయటికి తీసేస్తారు. మిగిలేది అరటిపండంత సన్నటి గొట్టం. కొంచెం తినగానే నిండిపోతుంది, ఆకలీ తగ్గుతుంది. పేగుల జోలికి పోరు. అందుకే దీన్ని చిన్న ఆపరేషన్ అనుకుంటారు. కానీ ఆ గొట్టం కింది చివర కవాటం ఎప్పటిలా బిగుతుగానే ఉంటుంది. పైన సాగే సంచి పోయింది. మరి లోపలి ఒత్తిడి ఎటు పోవాలి? పైకి, అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. కడుపు, అన్నవాహిక కలిసేచోట ఆమ్లాన్ని ఆపడానికి ప్రకృతి పెట్టిన ఏటవాలు మూల కూడా ఈ కోతలో చెదురుతుంది. స్విట్జర్లాండ్‌లో ఐదేళ్లు గమనించినప్పుడు, ముందే మంట ఉన్నవాళ్లలో స్లీవ్ తర్వాత నలుగురిలో ఒకరికి అది తగ్గిపోయింది, దాదాపు ముగ్గురిలో ఒకరికి ఇంకా ముదిరింది. బైపాస్ చేసిన వాళ్లలో 60 శాతం మందికి తగ్గిపోయింది, ముదిరింది 6 శాతానికే. స్లీవ్‌తో మంట తగ్గేవాళ్లు ఉన్నారు కాబట్టి మీ హైదరాబాద్ సర్జన్ తప్పు చెప్పారని నేను అనను. కానీ ముదిరితే వెనక్కి తిప్పుకునే దారి లేదు. కోసి తీసేసిన కడుపు మళ్లీ రాదు.

నా మనసులోంచి పోని ఒకావిడ ఉన్నారు. మీలాగే షుగర్, మీలాగే మంట. స్లీవ్ అయిన ఏడాదిన్నరకి నా గదిలోకి వచ్చారు. 34 కిలోలు తగ్గారు, కొత్త జాకెట్లు కుట్టించుకున్నారు, చుట్టాలంతా మెచ్చుకుంటున్నారు. కూర్చోగానే చేతిసంచిలోంచి గులాబీరంగు ఎసిడిటీ సిరప్ సీసా తీసి బల్లమీద పెట్టారు. సగం ఖాళీ. "మొన్న ఆదివారం కొన్నాను మేడమ్" అన్నారు. ఏడాదిగా మంచం మీద పడుకోవడమే లేదట. హాల్లో సోఫాలో మూడు దిళ్లకి ఆనుకుని కూర్చునే నిద్ర. అర్ధరాత్రి పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తే తుడుచుకోడానికి దిండు పక్కన ఒక గళ్ల తువ్వాలు. చివరికి ఆవిడకి బైపాస్‌గా మార్చాల్సి వచ్చింది. మొదటి ఆపరేషన్‌కి ముందు ఆవిడకి ఎండోస్కోపీ చేయలేదు. అడగాల్సిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టిన రోజు నేను అడగలేదు. అప్పటి నుంచి ఆ రిపోర్టు చూడకుండా ఎవరికీ సంతకం పెట్టలేదు.

మీ ఆడపడుచు బాగుండటం నిజమే, సంతోషం. ఆవిడకి ముందు మంట ఉండేదా, షుగర్ ఉండేదా, అడిగి చూడండి. "చాలకపోతే తర్వాత బైపాస్" అన్నంత తేలికగా కూడా ఉండదు. రెండోసారి కడుపు తెరిస్తే లోపల అతుకులు, మచ్చలు. లీకు అయ్యే ప్రమాదం మొదటిసారి కంటే ఎక్కువ, ఖర్చు మళ్లీ మొదటి నుంచి. రెండోసారి చేయించుకోవాల్సిన వాళ్లు ఉంటారు, వాళ్లకి అది మేలే చేస్తుంది. కానీ మొదటి రోజే ఆ లెక్క వేసుకుని టేబుల్ ఎక్కడం నాకు నచ్చదు.

మరి బైపాస్ అంటే ఏమిటి? మావారికి భయం అని రాశారు. ఈ పేరా ఆయన్నే చదవమనండి. పేగులు తీసేయరు. కడుపు పైభాగంలో కోడిగుడ్డంత చిన్న తిత్తిని వేరుచేస్తారు. మిగతా కడుపు లోపలే ఉంటుంది, దాంట్లోకి అన్నం పోదంతే. చిన్నపేగును కిందనుంచి తెచ్చి ఆ తిత్తికి కలుపుతారు. పాత దారిలో వచ్చే పైత్యరసం, జీర్ణరసాలు కింద ఒక మీటరో మీటరున్నరో పోయాక అన్నంతో కలుస్తాయి. గీసి చూస్తే ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది. పేగును ఇలా కలిపే పద్ధతి స్విట్జర్లాండ్ సర్జన్ సీజర్ రూది, అందుకే రూ-ఆన్-వై అంటారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌ని 1960ల్లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టారు. అరవై ఏళ్లుగా మనుషుల మీద చూసిన ఆపరేషన్ ఇది. కొత్త తిత్తిలో ఆమ్లం చాలా తక్కువ, పైత్యరసం మీటరు కిందనే ఆగిపోతుంది, కాబట్టి పైకి ఎగదన్నడానికి ఏమీ ఉండదు. మంట ఉన్నవాళ్లకి దీన్ని చెప్పేది అందుకే.

విజయవాడ సర్జన్ చెప్పిన మినీ బైపాస్ దీనికి తమ్ముడు లాంటిది. 1997లో అమెరికాలో రాబర్ట్ రట్లెడ్జ్ మొదలుపెట్టారు, మన దేశంలో చాలా చోట్ల చేస్తున్నారు. కడుపును పొడుగాటి గొట్టంలా చేసి, పేగును మధ్యలో వంచి దానికి ఒకేచోట కలుపుతారు. రెండు అతుకుల బదులు ఒకటే, సమయం తక్కువ పడుతుంది. షుగర్ మీద బాగా పనిచేస్తుంది. ఆయన షుగర్‌ని చూసి చెప్పి ఉంటారు, ఆ ఆలోచనలో తప్పు లేదు. నాకు రెండు సందేహాలున్నాయి. ఒకటి, ఇక్కడ పైత్యరసం కడుపు అతుకు పక్కనుంచే పోతుంది. కొందరికి అది పైకి వస్తుంది, ఆమ్లం మాత్రలు దానికి పనిచేయవు. రెండోది మీ రక్తం. ఫ్రాన్స్‌లో మినీనీ రూ-ఆన్-వైనీ పక్కపక్కన పెట్టి రెండేళ్లు చూశారు. బరువు తగ్గడంలో మినీ ఏమాత్రం తీసిపోలేదు. కానీ పోషకాల లోపంతో వచ్చిన తీవ్రమైన ఇబ్బందులన్నీ మినీ జట్టులోనే కనిపించాయి. అక్కడ 200 సెంటీమీటర్ల పేగును దాటించారు. చాలామంది సర్జన్లు ఇప్పుడు 150 దగ్గర ఆపుతున్నారు. అందుకే ఆయన్ని ఈ మాట తప్పకుండా అడగండి: "ఎంత పేగు దాటిస్తారు? మొత్తం పేగు పొడవు కొలిచి చేస్తారా?" అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. మంచి సర్జన్‌కి ఇలాంటి ప్రశ్న అడిగే పేషెంటంటే ఇష్టం.

కడుపులో బెలూన్ పెట్టే సంగతి మీరు అడగలేదు, ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి అంటున్నాను. కొన్ని నెలలకి తీసేయాల్సిందే, తీశాక బరువు తిరిగొస్తుంది. మీ బరువుకి, మీ షుగర్‌కి అది చాలదు. కడుపుకి బ్యాండ్ వేయడం ఇప్పుడు దాదాపు ఎవరూ చేయడం లేదు.

బరువు తగ్గించే ఇంజెక్షన్లు మాత్రం గట్టిగా ఆలోచించాల్సినవే. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడు జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. మౌంజారో పెద్ద డోసులో దాదాపు ఏడాదిన్నర వాడితే షుగర్ లేనివాళ్లకి బరువులో 20 శాతం, షుగర్ ఉన్నవాళ్లకి 15 శాతం దాకా తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. మీకు 15 శాతం అంటే 15, 16 కిలోలు. ఆపేస్తే చాలావరకు తిరిగొస్తుంది, అంటే వాడుతూనే ఉండాలి. మీ రక్తం సరిచేసుకునే నెలల్లో వీటితో మొదలుపెట్టి, తర్వాత ఆపరేషన్ గురించి నిర్ణయించుకున్నా తప్పు లేదు. ఏవైనా వాడుతుంటే ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్‌కి చెప్పాలి, ఎందుకంటే వీటివల్ల కడుపులో ఆహారం ఎక్కువసేపు నిలిచిపోతుంది.

షుగర్ గురించి ఆశ ఎంత పెట్టుకోవాలి? అమెరికాలో క్లీవ్‌లాండ్ డాక్టర్లు చేసిన అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత మూడు నెలల సగటు 6 లోపు ఉన్నవాళ్లు బైపాస్ జట్టులో 29 శాతం, స్లీవ్ జట్టులో 23 శాతం, మందులు మాత్రమే వాడిన వాళ్లలో 5 శాతం. "షుగర్ పూర్తిగా పోతుంది" అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మొద్దు. కానీ ఎక్కువమందికి మాత్రలు తగ్గుతాయి, సగటు దిగుతుంది, కళ్లూ కిడ్నీలూ ఊపిరి పీల్చుకుంటాయి. మీరు ఇంకా ఇన్సులిన్ దాకా వెళ్లలేదు, ఏడేళ్లే అయింది. ఇవి మీకు కలిసొచ్చే విషయాలు.

ఇప్పుడు మీకు ఎదురు తిరిగే విషయాలు. బైపాస్ వైపు మొగ్గుతూ వీటిని దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు.

ఐరన్ ఎక్కువగా ఒంటబట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. బైపాస్‌లో అన్నం ఆ భాగాన్ని తాకకుండా పోతుంది. హిమోగ్లోబిన్ 9.4తో, నెలనెలా అంత రక్తం పోతూ బైపాస్ చేయించుకుంటే రెండేళ్లకి మీరు మెట్లెక్కలేరు. అందుకని ముందు గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లి స్కానింగ్ చేయించుకోండి. గడ్డలున్నాయా, గర్భాశయం లోపలి పొర మందంగా ఉందా, థైరాయిడ్ ఎలా ఉందో చూపించుకోండి. రక్తం పోయే దారి మూసిన తర్వాతే ఆపరేషన్. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించి, తక్కువగా ఉంటే నరంలోకి ఎక్కించే ఐరన్ గురించి అడగండి. మాత్రలతో ఆరు నెలలు పట్టేది దాంతో కొన్ని వారాల్లో అవుతుంది.

రెండోది ఆ మోకాళ్ల మాత్ర. మీ మాత్రల స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, న్యాప్రాక్సెన్, వీటిలో ఏ పేరున్నా బైపాస్ అయ్యాక జీవితాంతం ముట్టుకోకూడదు. కడుపునీ పేగునీ కలిపిన అతుకు దగ్గర పుండు పడుతుంది, రక్తం కారుతుంది, ఒక్కోసారి చిల్లు పడుతుంది. పొగాకు కూడా అంతే ప్రమాదం. పారాసిటమాల్ పరవాలేదు. ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే నొప్పి ఇంజెక్షన్లో, కీళ్ల నొప్పులకని అమ్మే పేరు లేని పొడిలో ఏముందో మనకి తెలియదు, అవీ బంద్. మీ రక్తం తగ్గడంలో ఈ మాత్రకీ వాటా ఉండొచ్చని నా అనుమానం, ఎండోస్కోపీలో అదీ బయటపడుతుంది. ఇప్పటి నుంచే మానేసి చూడండి. మానలేకపోతే, అది కూడా మనకి తెలియాల్సిన సంగతే. కీళ్లవాతం ఉండి ఈ మాత్రలు మానలేని వాళ్లకి స్లీవే నయం. ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ వచ్చిందా అన్నది మీరు రాయలేదు. వచ్చి ఉంటే సర్జన్‌కి చెప్పండి. బైపాస్ తర్వాత లోపల మిగిలిపోయిన కడుపులోకి మామూలు ఎండోస్కోపీ వెళ్లదు.

ఇవన్నీ కలిపి చూస్తే నా అభిప్రాయం ఇది. రక్తం 11 దాటాక, నొప్పి మాత్ర మానాక, మీ ఒంటికి రూ-ఆన్-వై బైపాస్ సరిపోతుంది. ఎండోస్కోపీలో అన్నవాహిక శుభ్రంగా ఉండి, హయేటస్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జారడం) లేకపోతే స్లీవ్ గురించి మళ్లీ మాట్లాడుకోవచ్చు, అప్పుడు మీ రక్తహీనత దృష్ట్యా అదీ సబబే. మినీని మీ విషయంలో నేను మూడో స్థానంలో పెడతాను. ఇది మీ కాగితాలు చూడకుండా, మిమ్మల్ని పరీక్షించకుండా ఇస్తున్న అభిప్రాయం. చివరి మాట మీ సర్జన్‌దీ మీదీ.

ప్రాణభయం సంగతి కూడా చెప్పాలి. అనుభవం ఉన్నచోట ఈ ఆపరేషన్లలో చనిపోయేవాళ్లు సుమారు వెయ్యిలో ఒకరు. లీకు, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ఇవి మొదటి రోజుల భయాలు. అందుకే ఆ సాయంత్రమే లేపి నడిపిస్తారు. నొప్పిగా ఉన్నా నడవండి.

నేను ఎక్కువ పట్టించుకునేది ఇంటికొచ్చాక. మొదటి రోజుల్లో మీ కొలపాత్ర దగ్గుమందు సీసా మూత. ముప్ఫై మిల్లీలీటర్లు కూడా ఒకేసారి కాదు, గుక్కగుక్కగా పావుగంట. మజ్జిగ తేట, వడగట్టిన పప్పుకట్టు, కొబ్బరినీళ్లు. తర్వాత పలచటి జావ, మెత్తగా మెదిపిన పప్పు, గుడ్డు. నెల దాటాక ఒక ఇడ్లీలో పావు ముక్క తీసుకుని, పేస్టు అయ్యేదాకా నమిలి మింగి, చెంచా కింద పెట్టి ఆగాలి. మనకి ముద్ద కలుపుకుని గబగబా తినే అలవాటు. బెల్లు కొట్టేలోపు డబ్బా ఖాళీ చేసే టీచర్లకి ఇది మరీ కష్టం. లంచ్ పీరియడ్‌లో సగం డబ్బా తిని మిగతాది నాలుగింటికి తినేలా ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. రోజుకి 60 గ్రాములకి తగ్గకుండా ప్రొటీన్ పడాలి, అంటే పళ్లెంలో ముందు పప్పో గుడ్డో చికెనో తిని, చోటు మిగిలితే అన్నం. బైపాస్ తర్వాత స్టాఫ్‌రూమ్‌లో కేకు ముక్క, శ్రావణమాసం పరమాన్నం తింటే పదిహేను నిమిషాల్లో చెమటలు, దడ, కళ్లు తిరగడం రావచ్చు. తీపి నేరుగా పేగులో పడటం వల్ల వస్తుంది, భయపడకండి, తినకండి. మూడో నెల నుంచి జుట్టు రాలుతుంది. దువ్వెన చూసి ఏడ్చిన వాళ్లని చూశాను. ప్రొటీన్, ఐరన్ సరిగా ఉంటే మళ్లీ వస్తుంది.

విటమిన్లు, క్యాల్షియం, ఐరన్, బి12 జీవితాంతం. క్యాల్షియం సిట్రేట్ రకం అడిగి తీసుకోండి, ఆమ్లం తగ్గిన కడుపుకి అదే ఒంటబడుతుంది. ఐరన్‌కీ క్యాల్షియంకీ మధ్య రెండు గంటలు, ఐరన్‌తో టీ వద్దు. "బాగానే ఉన్నాను కదా" అని రెండో ఏడు మానేసేవాళ్లు ఎక్కువ, నాలుగో ఏడు చేతులూ కాళ్లూ తిమ్మిర్లతో నా దగ్గరికి వస్తారు.

రెండు సంగతులు మీ వారు కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి వాంతులవుతుంటే ఇంట్లో ఓఆర్‌ఎస్‌తో సరిపెట్టకండి, ఊళ్లో గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుని ఊరుకోకండి. ఒంట్లో బి1 విటమిన్ అయిపోయి నరాలు, మెదడు దెబ్బతింటాయి. గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ ఇంజెక్షన్ పడాలి, ఆపరేషన్ అయిందన్న సంగతి అక్కడి డాక్టర్‌కి చెప్పాలి. రెండోది, బైపాస్ అయిన ఏళ్ల తర్వాతైనా మెలిపెట్టే కడుపునొప్పి వస్తే గ్యాస్ అనుకోవద్దు. పేగు లోపలి సందుల్లో చిక్కుకుని ఉండొచ్చు. వెంటనే స్కాన్ చేయించాలి, వీలైతే ఇలాంటి ఆపరేషన్లు చేసే సర్జన్ ఉన్నచోట.

షుగర్ మాత్రలు ఆపరేషన్ రోజు నుంచే తగ్గించాలి, లేకపోతే షుగర్ పడిపోతుంది. మీ మూడు మాత్రల్లో పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉన్నది ఏదైనా ఉంటే కనీసం 3 రోజుల ముందు ఆపాలి, మీ డాక్టర్‌ని అడిగి ఆపండి. బరువు తగ్గాక నెలసరి సర్దుకుంటుంది, గర్భం నిలిచే అవకాశమూ పెరుగుతుంది. ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకూడదు. బైపాస్ తర్వాత గర్భం రాకుండా వేసుకునే నోటి మాత్రల మీద ఆధారపడటం మంచిది కాదు. గైనకాలజిస్ట్ దగ్గరికి ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి ఇదీ మాట్లాడండి.

ఖర్చు గురించి. మీకు హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే ముందు కాగితాలు తీసి చూడండి. ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 ఆ పైన ఉండి, డాక్టర్ సలహా మీద చేసే ఊబకాయం ఆపరేషన్‌ని పాలసీల్లో మామూలుగా మినహాయించరు. మీరు 41.7 కాబట్టి ఆ గీత దాటారు. ఇంజెక్షన్లతోనో డైట్‌తోనో 40 కిందికి వస్తే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు 35 పైన ఉండి అదుపులో లేని షుగర్, గుండె జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన జబ్బు లాంటివి ఉన్నాయని చూపించాలి. అందుకని ఈ రోజు బరువు, ఎత్తు ఆసుపత్రి కాగితం మీద తేదీతో రాయించి పెట్టుకోండి. వెయిటింగ్ పీరియడ్ ఎంతో కూడా చూసుకోండి.

వేసవి సెలవులు తొందరపెడుతున్నాయని తెలుసు. ఈ సెలవుల్లోపు రక్తం సరికాకపోతే దసరాకి చేయించుకోండి, మెడికల్ లీవ్ పెట్టండి. ఏడేళ్లుగా ఉన్న షుగర్‌కి నాలుగు నెలలు పెద్ద ఆలస్యం కాదు.

ఈ వారం చేయాల్సింది ఎండోస్కోపీ. ఖమ్మంలోనే అవుతుంది. ముందు రాత్రి నుంచి ఏమీ తినకుండా వెళ్లాలి, షుగర్ మాత్రలు ఆ పూట వేసుకోవాలో వద్దో అడగండి. గొంతులో మందు కొట్టి పది నిమిషాల్లో అయిపోగొడతారు. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా పరీక్షకి చిన్న ముక్క కూడా తీయమనండి, అది ఉంటే ఆపరేషన్‌కి ముందే మందులతో తీసేయాలి. రిపోర్టులో అన్నవాహిక దగ్గర "ఎల్‌ఏ గ్రేడ్" అని రాసి పక్కన పుండ్ల తీవ్రతని బట్టి ఏ, బీ, సీ, డీలలో ఒక అక్షరం ఉంటుంది (ఏ తక్కువ, డీ ఎక్కువ), లేదా ఏమీ లేదని ఉంటుంది. సీ గానీ డీ గానీ ఉంటే స్లీవ్ మాట ఇక వద్దు. ఆ అక్షరం, హయేటస్ హెర్నియా ఉంటే ఎన్ని సెంటీమీటర్లో, మీ ఫెరిటిన్ అంకె, మీరు వాడే మాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసి ఇద్దరు సర్జన్లకీ చూపించండి. నాకూ ఒకటి పంపండి.